ఇద్దరికీ ఒకటే పాసు

పాలకొల్లు,
15-11-2001.

చి.ల.సౌ. సత్యవాణికి,

శుభలేఖ మీద ఇలాగే వేయిస్తారుగా, ముందే అలవాటు చేసుకో. సూర్యకళ రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నీ క్షేమం నాకక్కర్లేదు గానీ, ఉత్తరమన్నాక అడగాలి కనక అడుగుతున్నాను.

రాజమండ్రిలో మీ పిన్నిగారింటి నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. భీమవరం సంబంధం దాదాపు ఖాయమైందనీ, కాబోయే అత్తగారు సంపూర్ణమ్మ గారు వాకబుకి మనం కాలేజీకెళ్ళిన రైల్లోకే వస్తారనీ, మూడేళ్ళు నా పక్కనే కూర్చున్న సూర్యకళనడగండి అని చెప్పేశాననీ, నాలుగు మంచి మాటలు చెప్పమనీ రాశావు. అబ్బో! ఏడాదిన్నరకి గుర్తొచ్చానన్నమాట.

నాకూ అన్నీ గుర్తున్నాయి లేవే. చివరేడు ఆ ఉపాయం నీదే. రోజూ ఎక్కే మొహాలు కదా, టీసీ గారికి 'సీజన్ అండీ' అంటే చాలు, పాసు తీసి చూపించమనరు. రెండు పాసులెందుకే, నీ పేరున ఒకటి తీసి చెరిసగం వేసుకుందాం అన్నావు. మీ నాన్నగారు నీకు పాసు డబ్బులు పూర్తిగానే ఇచ్చేవారు. నా సగం నీ గాజులకీ సినిమాలకీ పోయేది. నాకేమో, మా అమ్మ చేపల తట్టతో ఇంకో వీధి తిరగక్కర్లేదు కదా అని ఆశ. తలూపాను.

ఆఖరి పరీక్ష రోజు కొత్తవాళ్ళు చెకింగ్‌కి ఎక్కారు. సీజన్ అండీ అంటే తీయమన్నారు. నువ్వు చూపించావు. ఈ అమ్మాయి మీతోనేనా అని నిన్నడిగారు. నీ క్యారేజీ నా ఒళ్ళో ఉందే సత్యవాణీ! నీ పర్సులో డబ్బులున్నాయి, జరిమానా కట్టేస్తే నేనూ పరీక్ష రాసేదాన్ని. నువ్వు కిటికీలోంచి చేలు చూస్తూ, ఎవరో నాకు తెలీదండి అన్నావు.

నన్ను వీరవాసరంలో దింపేశారు. కబురందుకుని అమ్మ అప్పు చేసి వచ్చేసరికి పొద్దు వాలింది. పరీక్ష పోయింది, దాంతో బీఈడీలో చేరాల్సిన ఏడాదీ పోయింది. ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ మా అమ్మ వాళ్ళకి దణ్ణం పెట్టింది. అది మాత్రం చచ్చినా మర్చిపోను.

ఇప్పుడు బీఈడీకి అదే బండిలో వెళ్తున్నాను, నా పేరున నా పాసుతో. చేతిరుమాలు కిటికీలోంచి విసిరి నీ సీటే ఆపుకుంటున్నాను. టీసీ గారు అడక్కపోయినా పాసు తీసి చూపిస్తాను. ఆయన నవ్వుతారు.

ఇక నీ పనంటావా, బెంగపడకు. నీ మీద ఒక్క చెడ్డమాట నా నోట రాదు, అమ్మ మీద ఒట్టు.

ఇట్లు,
నీ పక్క సీటు
సూర్యకళ

తా.క.: ఒట్టు నిలబెట్టుకున్నాను కూడా. సంపూర్ణమ్మ గారు సోమవారం సాయంత్రమే భీమవరంలో ఎక్కారు. మీ నాన్నగారితో ముహూర్తం మాట్లాడ్డానికి, పూలూ పళ్ళూ సంచీలో పెట్టుకుని బయల్దేరారు పాపం. నా పక్కనే కూర్చుని, సత్యవాణి నీ స్నేహితురాలటగా, ఎలాంటి పిల్లమ్మా అని అడిగారు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ, ఎవరో నాకు తెలీదండి అన్నాను. మూడేళ్ళు పక్కన కూర్చున్న పిల్లే ఎరగనంటోందంటే ఏదో ఉందిలే అని గొణుక్కుంటూ, ఆవిడ సంచీతో సహా వీరవాసరంలో దిగిపోయారు, తిరుగు బండి కోసం.