నువ్వు వేసిన అతుకు

సుజాతా,

నువ్వూ మీ తమ్ముడు రమేషూ నకరికల్లు షెడ్డులో కట్టిన విమానానికి పగులు వచ్చింది. నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి దాన్ని ఎగరేద్దామనుకున్నాం. అంతకుముందు, నువ్వు చేసినట్టే, పగుళ్లుంటే బయటపడతాయని ఇంజను మోసే పైపులకు రమేష్ కిరోసిన్ రాసి, తుడిచి, ముగ్గుపిండి చల్లాడు. నీ అతుకు పక్కనే తెల్లటి పిండిలో సన్నటి తడిగీత తేలింది.

"అక్క వెల్డింగు చెక్కుచెదరలా బావా. పైపే చీలింది. అతుకుతో సహా కోసి కొత్తది పెట్టాల."

"కోయకుండా కుదరదా?"

"ఎగరాలంటే కోయాల్సిందే. నువ్వెళ్లి టీ తీసుకురా, ఈలోపు నే కానిస్తా."

నువ్వున్నప్పుడూ నాది టీ తెచ్చే పనే. నీ సాయంత్రాలన్నీ వాడికీ, ఆ పైపులకీ పోయాయి. ఏ అతుకు నీదో చూడగానే వాడు చెప్పగలడు. నేను చెప్పలేను. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"కోసేది నేను. టీ నువ్వు తే," అన్నాను.

"గ్రైండర్ ఎప్పుడన్నా పట్టావా ఏంది?" అని నవ్వి, నా మొహం చూసి, ఎక్కడ కోయాలో గీత గీసిచ్చాడు.

కోత కొంచెం వంకరపోయింది. వాడు సరిచేసి కొత్త పైపు అతికించాడు. వెళ్తూ, అక్క గుర్తుగా ఉంచుకుంటానని ఆ పాత ముక్క అడిగాడు.

విమానం నిండా నీ అతుకులు వాడికింకా ఉన్నాయి. ఇది ఇవ్వనన్నాను.