సున్నం గీత దాటిన బండి

బీదరు,
25 మార్చి 2007, ఆదివారం.

హైదరాబాదులో స్థలాలు అమ్ముకుంటూ చల్లగా ఉన్న బావమరిది విద్యాసాగర్‌కు, నీ బావ సమూయేలు ప్రభువు పేరట వందనాలు చెప్పి పంపుతున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అక్క సుజనకు మోకాళ్ల నొప్పి, నాకు నోటిదురుసు. రెండూ పాతవే, రెండూ తగ్గలేదు. మీ ఇంటిల్లిపాదీ బాగున్నారని తలుస్తాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. నీకు ఫోన్ చేస్తే రెండో మాటకే "ఇంకో కాల్ వస్తాంది బావా, మల్ల చేస్త" అంటావు. ఆ మల్ల ఎప్పుడూ రాలేదు. ఉత్తరానికైతే అడ్డం వచ్చేవాడు ఉండడు.

జెస్సికా పెళ్లి కార్డు అందింది. మంచి కాగితం, బంగారు అంచు, మూడు అచ్చుతప్పులు. ఈస్టరు తర్వాత ముహూర్తం పెట్టుకోవడం బాగుంది. కార్డుతో పాటు నువ్వు పంపిన చీటీ కూడా చదివాం. "బావా, మీ కోసం కారు పంపిస్త. ఆ బండి మాత్రం తేకుండ్రి" అని రాశావు. అందుకే ఈ జవాబు.

మూడేళ్ల కింద మా హేబ్సిబా పెళ్లిలో నువ్వన్న మాట నీకు గుర్తుండకపోవచ్చు, అన్నవాళ్లకు గుర్తుండదు. పెళ్లి సామాను దింపుతుంటే నా పికప్పు బండి ఆగి దగ్గింది. నువ్వు వియ్యాలవారి ముందు, పాస్టరుగారి ముందు చెయ్యి ఊపుతూ, "మా బావ, మా బావ బండి ఒక్కతీరే. సప్పుడు జాస్తి, నడుసుడు తక్వ" అన్నావు. షామియానా కింద ఉన్నవాళ్లంతా నవ్వారు. మీ అక్క కూడా నవ్వింది. అడిగితే దగ్గు వచ్చిందంటుంది. అప్పుడు నేను అందరూ వినేటట్టు చెప్పాను: "నీ బిడ్డ పెండ్లికి ఇదే బండి నేనే నడుపుకుంట వచ్చి నీ గేటు ముంగట ఆపుతా. ఆపలేకపోతే ఆ పెండ్లికే రాను." ఆ మాట మీదే ఉన్నాను. బండికి ఈ ఏడు ఎఫ్‌సీ వస్తే పెళ్లికి వస్తాను, రాకపోతే రాను. ఎఫ్‌సీ అంటే ఏమిటని నువ్వు అడగవచ్చు, నీ కార్లు ఎప్పుడూ కొత్తవే కనుక. ఏటేటా బండిని ఆర్టీవో ఆఫీసు మైదానంలో నిలబెట్టి, కింద మీద చూసి, ఇది రోడ్డు మీద తిరగవచ్చునని రాసిచ్చే కాగితం అది.

ఫలితం చెప్పేముందు ఆ బండి గురించి నాలుగు మాటలు చెప్పనీ. మిషన్ బడిలో హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి పాల డెయిరీ వాళ్లు వదిలేసిన బండి కొని జనవాడ కాలీఫ్లవరు, చిమ్కోడ్ టమాటా మార్కెట్టుకు తోలడమేమిటని మీ వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. పదేళ్లు తోలాను. మార్కెట్టు తెరిచేదాకా స్టీరింగు ముందు కూర్చుని కన్నడ పేపరు, ఉర్దూ పేపరు, తెలుగు పేపరు వరసగా చదివేవాణ్ని. బడిలో ఉండగా ఇంత చదువు నాకు దొరకలేదు. డిసెంబరు చలిలో బండి కొంచెం బతిమాలించుకునేది గాని, కదిలాక మాత్రం చెప్పిన చోటికి చేర్చేది. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా జెస్సికా మా ఇంట్లో ఉండి చదివిన రోజుల్లో దాన్ని బడి దగ్గర దింపింది ఈ బండే. నువ్వప్పుడు హైదరాబాదులో అద్దెగది దొరక్క తిరుగుతున్నావు.

బండి నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టినప్పుడల్లా ఆ పాపంలో నీ చెయ్యి ఉంది. మన్నాఏఖేళ్ళిలో ఎవడో చవకగా ఇస్తున్నాడని కిరసనాయిలు కలిపిన డీజిలు పోయించింది నువ్వు. పంపు పోయింది, నువ్వు బస్సెక్కి పోయావు. నీ మొదటి వెంచరుకు హద్దురాళ్లు నా బండిలోనే వెళ్లాయి. వద్దురా, ఇది కూరగాయల బండి, రాళ్ల బండి కాదు అంటే, "ఒక్క ట్రిప్పే బావా" అన్నావు. ఆ ఒక్క ట్రిప్పు నెలంతా సాగింది. బరువు మోసే కమాను పట్టీలు అప్పుడు కుంగాయి, బ్రేకులు అప్పుడు అరిగాయి. ఆ రాళ్ల మధ్య స్థలాలు ఇవాళ ఎకరాల లెక్కన కాదు, గజాల లెక్కన పోతున్నాయట. సంతోషం. నా దగ్గర చదివి ఇస్తానని తీసుకెళ్లిన పుస్తకాలు కూడా నీ ఆఫీసులో అద్దాల బీరువాలో ఉన్నాయని విన్నాను. తాళం వేసే ఉంటుందట. పుస్తకాలు పారిపోతాయని కాబోలు.

ఇక పరీక్ష సంగతి. మా పికప్పుల అడ్డాలో ఒక ఆచారం ఉంది. అందరూ తలా కొంచెం వేసుకుని కొన్న నాలుగు కొత్త టైర్లు, రిమ్ములతో సహా, అడ్డా పెద్ద దేవప్ప కొట్టంలో గోనెసంచులు కప్పుకుని ఉంటాయి. ఎవరి బండికి ఎఫ్‌సీ పరీక్ష రోజు వస్తే ఆ పూటకు వాళ్ల బండికి వాటిని బిగిస్తారు. సాయంత్రం విప్పి మళ్లీ సంచులు కప్పుతారు. రోడ్డు మీద అవి తిరిగింది దేవప్ప ఇంటి నుంచి ఆఫీసు దాకా, ఆఫీసు నుంచి దేవప్ప ఇంటి దాకా. అడ్డాలో వాటికి పెండ్లికొడుకు బూట్లని పేరు. నాకు అవి వద్దని చెప్పాను. "సారూ, పెండ్లికి పోతవా, అరిగిన చెప్పులేసుకొని పోతవా" అని దేవప్ప తనే వచ్చి బిగించాడు. వెనక టైర్లు రెండు నున్నబడ్డ మాట నిజమే గనుక నేనూ ఊరుకున్నాను.

మంగళవారం పొద్దున్న మైదానంలో బండి నిలబెట్టాం. ఇన్‌స్పెక్టరు హుమ్నాబాదు వైపు మనిషి. కన్నడంలో మొదలుపెట్టి నా మాట విని తెలుగులోకి దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, రిమ్ము మీద పచ్చరంగు మరకను వేలితో గీకాడు. దేవప్ప తన గేటుకు రంగు వేసేటప్పుడు పడిన మరక అది.

"ఏం, టైర్లు బాగున్నవా?" అని నన్నే అడిగాడు.

బాగున్నాయన్నాను.

"నాకు ఎరుకే. మొన్న సోమారం గూడ వచ్చిండె. పోయిన నెల గూడ వచ్చిండె. పెద్దసారూ, టైర్లు పాస్. ఇగ మీ బండిని తీస్కరాండ్రి."

వరసలో నిలబడ్డ డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. దేవప్ప మాత్రం నవ్వకుండా, "సాబ్, అన్ని బండ్లకు అక్కచెల్లెండ్ల లెక్క పోలికలుంటయి" అన్నాడు. ఇన్‌స్పెక్టరుకు కూడా నవ్వొచ్చింది. టైర్ల సంగతి రాసుకుని, మీ సొంత చక్రాలతో ఇంకోసారి రండి, మిగతా పరీక్ష ఇప్పుడే చేస్తానన్నాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లల దగ్గర కాపీ చీటీలు పట్టుకున్న మనిషిని. ఆ పొద్దు నా జేబులో చీటీ దొరికినట్టయింది.

లైట్లు వెలిగాయి, హారను మోగింది, పొగ హద్దులోనే ఉంది. అడుగున దూరి ఛాసిస్ మీద సుత్తితో కొట్టి చూశాడు, గట్టిగానే పలికింది. చివరికి బ్రేకుల పరీక్ష. మైదానం అవతలి కొసన సున్నంతో గీత గీసి ఉంటుంది. బండిని వేగంగా తెచ్చి ఆ గీత లోపల ఆపాలి. నేను గేరు మార్చి తెచ్చాను, తొక్కాను. బండి గీత దాటి పోయింది. గీత అవతల స్టూలు మీద కూర్చున్న బంట్రోతు స్టూలు అక్కడే వదిలేసి గోడ ఎక్కాడు. స్టూలుకు జానెడు దూరంలో ఆగాను.

బ్రేకులు పోయినట్టే కదా. నీ హద్దురాళ్ల పుణ్యం. బండి ఫెయిలయింది. మాట ప్రకారం నేను పెళ్లికి రావడం లేదు. నువ్వు పంపే కారు వద్దు. సుజన బస్సులో వస్తుంది. హేబ్సిబా వెంట తీసుకొస్తుంది. జెస్సికా మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, నువ్వు రాకుంటె నేను చర్చిలకే పోను" అన్నది. ఆడపిల్లలు అలాగే అంటారని చెప్పి పెట్టేశాను. ఆ అమ్మాయికి నువ్వే నచ్చజెప్పు. అమ్మేవాడివి, నచ్చజెప్పడం నీకు బాగా వచ్చు.

వధూవరులకు నా ఆశీస్సులు. మీ ఆవిడకు, ఇంట్లో పెద్దలకు వందనాలు. కోపమేమీ లేదు. ఉన్నదంతా పైన రాశాను.

ఇట్లు,
నీ బావ,
సమూయేలు.

తా.క.: ఉత్తరం ఇక్కడితో అయిపోవలసింది. అయిపోనివ్వలేదు. అక్షరాలు ఇంత గుండ్రంగా ఎందుకున్నాయని నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. ఇది నా చేతిరాత కాదు. నేను చెబుతుంటే హేబ్సిబా రాసింది. నా సంతకం దాకా రాసి కలం కింద పెట్టి, "నానా, బ్రేకుల సంగతి నిజం చెప్పు. లేకుంటె ఈ ఉత్తరం డబ్బాల ఎయ్య" అన్నది. పక్కన సుజన కవరు పట్టుకుని కూర్చుంది, ఇవ్వడం లేదు. కనుక విను.

బ్రేకులు పోలేదు. గీత నాకు కనబడలేదు. ఎక్కడో ముందుంటుంది కదా అని వెళుతూనే ఉన్నాను. బంట్రోతు కేక విని తొక్కాను.

నేను దిగాక ఇన్‌స్పెక్టరు తనే ఎక్కి బండిని ఇంకోసారి నడిపాడు. గీతకు ఇవతలే, ముక్కుతాడు లాగినట్టు ఆగింది. దిగి వచ్చి నా పక్కన నిలబడి, ఎదురుగా ఉన్న ఆఫీసు గోడ చూపించి, "సారూ, ఆడ ఏం రాసుంది, జర సదువుండ్రి" అన్నాడు. గడగడా చదివాను. పత్రాలు లేకుండా రావద్దని, మధ్యవర్తులను నమ్మవద్దని, లైను తప్పవద్దని, కన్నడంలో మూడు వరసలు. ఏటా అక్కడ నిలబడి చదివినవే. ఆయన గొంతు తగ్గించి, వేరేవాళ్లకు వినబడకుండా, "నిన్ననే గోడకు సున్నమేసిండ్రు సారూ. ఇప్పుడు ఆడ ఏం లేదు" అన్నాడు.

హేబ్సిబా తాను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో కంటి డాక్టరుకు చూపించింది. కుడికంటి నరం ఎండిపోయిందట, ఆ చూపు తిరిగి రాదు. ఎడమకంట్లో పొర ఉంది. దాన్ని తీసినా బండి మాట మరిచిపోమన్నాడు. కొన్ని నెలలుగా పేపరు సుజన చదువుతుంటే వింటున్నాను. నీ కార్డులో అచ్చుతప్పులు పట్టింది కూడా ఆమే. కన్నడం ఆమె నోట్లో పడి ఎంత నలుగుతుందో నీకు చెప్పినా అర్థం కాదు.

బండికి వెనక టైర్లు కొత్తవి వేయించాం. శుక్రవారం దేవప్ప నడిపి చూపించాడు. పాసయింది. కాగితం నా దగ్గరే ఉంది. పైన నీ మీద రాసినవాటిలో బ్రేకుల మాట ఒక్కటి కొట్టేసుకో. మిగతావి ఉండనీ.

దేవప్ప ఒక ఉపాయం చెప్పాడు. హైదరాబాదు దాకా తను నడుపుతాడట, మీ వీధి మలుపులో నేను స్టీరింగు ముందుకు మారాలట. "పది అడుగులే సారూ. ఎవనికి ఎరుక? మీ మాట నిలవడ్తది" అన్నాడు. ఒక రాత్రి, ఒక పగలు ఆలోచించాను. నిజం చెప్పాలంటే చాలా ఇష్టంగా ఆలోచించాను. కాని పెళ్లింటి గేటు ముందు పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. మా వాళ్ల పిల్లలు, మీ వాళ్ల పిల్లలు. వాళ్లు కేక వేసేదాకా నాకు తెలియదు.

అందుచేత కారు పంపు. మెల్లగా నడిపేవాణ్ని పంపు. నేను ఎందుకు బండిలో రాలేదని నీ స్నేహితుల ముందు అడగకు, నవ్వాలనుకుంటే మేము వెళ్లిపోయాక నవ్వుకో. జెస్సికాకు ఇప్పుడే చెప్పకు, పెళ్లి అయిపోనీ.

ఇంకొకటి. చర్చిలో మమ్మల్ని మొదటి బల్ల మీద కూర్చోబెట్టు. గొప్ప కోసం అడగడం లేదు. వెనక నుంచి చూస్తే నాకు అమ్మాయి కనబడదు.