జావాకి చెంచాలు

ట్రాయ్, మార్చి 1983

రూతక్కా,

మేమంతా క్షేమమే గానీ నాకు ఒళ్లు మండిపోతోంది. నువ్వు నర్సుగా ఉన్న ఆ జావా పల్లెలో బావి ఎండిపోయిందని రాశావు కదా, అది ఇక్కడి అమెరికన్ చర్చిలో చదివి వినిపించి, ఊరివాళ్ల భోజనాల ఫోటో చూపించాను. బావి మాట ఎవరికీ పట్టలేదు. "అయ్యో, చేతుల్తో తింటున్నారు!" అంటూ చెంచాలు పోగు చేశారు. మన బాపట్ల ఏసుపాదం అన్నయ్య కూడా ఓ డజను ఇచ్చాడు! "నిన్న పప్పన్నం దేంతో తిన్నావన్నయ్యా?" అని అందరి ముందూ ఇంగ్లీషులోనే అడిగేశాను. "తెలుగులో అడగొచ్చుగా చెల్లెమ్మా" అని గొణిగాడు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? చెంచాలొస్తే దగ్గుమందు పొయ్యడానికి వాడుకో. ఎండిన బావి ఫోటో వెంటనే పంపు. అందులో మనుషులెవరూ ఉండొద్దు.

దేవుడు ఆ ఊరిని కరువు నుంచీ, మా జాలి నుంచీ కాపాడుగాక.

నీ చెల్లెలు,
నవోమి