సున్నా వేసిన జవాబు ఒక్కసారి చదవమని

మూల్యాంకన కేంద్రం ముఖ్య అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నేను పూర్తి మార్కులు వేసిన జవాబును తమరు స్వయంగా చదవమని కోరుట గురించి.

డిగ్రీ పిల్లలు ఏ దేశంలో ఏపాటి నేర్చుకున్నారో కొలిచే పరీక్షకు తమరు నియమించిన దిద్దుబాటు సిబ్బందిలో నేనొకడిని. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను.

1. ప్రశ్న ఇది: ఒక కల్పిత పట్నంలో తాగునీరు చెడింది, ఇచ్చిన పత్రాలు చదివి నగర పాలకులకు సలహా రాయాలి. ఈ విద్యార్థిని పత్రాలు పక్కనపెట్టి తన హాస్టల్ గురించి రాసింది. మరుగుదొడ్డి గుంట పొర్లి నీళ్ళ ట్యాంకులోకి దిగుతోందట. గదిలో ఇద్దరికి కళ్ళు పచ్చబడ్డాయట. వార్డెన్ పరీక్షలయ్యాక చూద్దాం అన్నదట.

2. పత్రాల్లో లేనిది రాస్తే సున్నా అని నిబంధన. మొదట దిద్దినాయన సున్నా వేశారు. టీ దగ్గర అడిగితే, "పాపం, బాగా రాసిందండీ. కానీ అడిగింది అది కాదుగా" అన్నారు. చదివింది బతుకులో వాడగలరా అని కొలుస్తూ, వాడిన పిల్లకు సున్నా వేయడం నాకు మింగుడుపడలేదు.

3. ఒక్కో జవాబునూ ఇద్దరం దిద్దుతాం. ఇద్దరి మార్కులూ కలిస్తే జవాబు పత్రం పెట్టెలో పడి సీలవుతుంది. కలవకపోతే తమరు చదవాలి. అందుకే తెలిసే పూర్తి మార్కులు వేశాను. తమరు చదవకుండానే సున్నా ఖాయం చేసి నాకు మెమో ఇచ్చారు.

4. జవాబు చివర ఫోన్ నంబరు వేసి, చదివినవాళ్ళెవరైనా ఒక్కసారి ఫోన్ చెయ్యమని బతిమాలుకుంది. వివరాలు బయటపడకూడదని తమ కార్యాలయం నంబరు మీద నల్ల సిరా పూసింది. ఏ కాలేజీ అని అడిగితే అన్ని దేశాల నివేదిక వచ్చేదాకా చెప్పరట. కామెర్లు నివేదిక కోసం ఆగవండీ.

కావున నా మెమో అలాగే ఉండనిచ్చి, జవాబు పత్రం మీది కోడును బట్టి ఆ హాస్టల్ ఏదో కనుక్కుని డాక్టరును పంపవలసిందిగా ప్రార్థన. ఈ మనవిని ఫైల్లో పెట్టకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దిద్దుబాటు గదిలో చివరి బల్లవాడు

తా.క.: కవరు ఇంకా అంటించలేదు. నా బల్ల మీదే ఉన్న ఆ నంబరు పేజీని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే చివరి అంకె తప్ప అన్నీ కనబడ్డాయి. ఒక్కో అంకె మార్చి ఫోన్లు చేశాను. కొందరు తిట్టారు. ఒకావిడ మాత్రం నేనెవరో విని ఏడ్చింది. కూతురు పోయిందట, కామెర్లే. హాస్టల్ పేరు ఆవిడే చెప్పింది, కవరు వెనక రాశాను. తక్కిన పిల్లలు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నారు.

పెట్టేసేముందు, "పేపరు ఎలా రాసింది బాబూ?" అని అడిగింది.

నూటికి నూరు వచ్చాయమ్మా అన్నాను. అదొక్కటీ కొట్టేయకండి.