ఇస్త్రీ బల్ల దగ్గరి గొంతు

మార్చి 9, ఆదివారం
కొట్టు మూసి ఉన్న మధ్యాహ్నం

నా ఒక్కగానొక్క మేనకోడలు బుజ్జికి, మీ అత్త మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటాను. అనుకోవడమేమిటి, మొన్న గురువారమే కదా మీ నాన్న మంచానికి అటు నువ్వు, ఇటు నేను కూర్చున్నాం! నీకు జలుబు చేసిందని కూడా నాకు తెలుసు. అయినా ఉత్తరమన్నాక ఇలా మొదలుపెట్టకపోతే చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చినట్టుంటుంది నాకు. ఊరికి ఆ చివర ఉన్న పిల్లకి, ఫోనుండగా, ఉత్తరమేమిటి ఈ ముసలిదానికి అని నవ్వుకుంటావేమో, నవ్వుకో. ఫోనులో అయితే నేను వాగుతాను, నువ్వు సరే అత్తా, సరే అత్తా అంటావు, అసలు సంగతి నా గొంతులోనే ఉండిపోతుంది. ఎదురుగా చెబుదామంటే మీ నాన్న వింటాడు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు కబుర్లు. కొట్టు నడుస్తోంది. ఇస్త్రీకి కొత్తగా పెట్టుకున్న మనిషి మంచివాడే గానీ కాలరు దగ్గర తొందరెక్కువ. మీ నాన్న కాలరు చేస్తే సాయంత్రం చొక్కా విప్పేదాకా అలాగే నిలబడి ఉండేది. మండుటెండలో కూడా నల్లకోటు వదలని పెద్దమనిషి గుర్తున్నాడుగా, మన కోటాయన? ఇప్పటికీ మన దగ్గరికే వస్తున్నాడు. మీ అన్నయ్యకెలా ఉందమ్మా అని అడిగి, నేను నోరు తెరిచేలోపే, మెరుగేలే, మెరుగేలే అని తనే చెప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆయన్ని చూసినప్పుడల్లా మాడిన చొక్కా గుర్తొస్తుంది నాకు. ఎవరైనా మాటకి తడుముకుంటుంటే ఆ మాట అందించడం గొప్ప ఉపకారమని ఆయన నమ్మకం. ఒకరోజు ఆయన చొక్కా కాలరు కాస్త మాడింది. ఆ సంగతి చెప్పేద్దామని మీ నాన్న కా... కా... అని కుస్తీ పడుతుంటే, కాస్త ఆలస్యమవుతుందా, దానిదేముందయ్యా, రేపొస్తాలే అన్నాడాయన. మీ నాన్న మర్యాదకి తలూపాడు. మర్నాడు చొక్కా చూసి, ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చు కదయ్యా అని ఎగిరిపడ్డాడు. లోపల మీ అమ్మ బట్టల మూట మీద పడి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

మీ అమ్మ మాత్రం ఎన్నడూ మాట అందించేది కాదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. పొయ్యి మీద గిన్నె మాడుతున్నా లేచేది కాదు. ఆయన మాట పూర్తయ్యాకే, ఆఁ, అయితే ఏం చేద్దామంటారు అని అడిగేది. నాకంత ఓపిక లేదమ్మా, కొట్టుకొచ్చేవాళ్ళకీ లేదు. అందుకే కౌంటరు దగ్గర నన్ను కూర్చోబెట్టి, ఆయన వెనక ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవాడు. మనుషుల పేర్లంటే మరీ అవస్థ ఆయనకి. మాట రాకపోతే ఇంకో మాట వెతుక్కోవచ్చు, పేరుకి ఇంకో పేరు ఎక్కడినుంచి తెస్తాం? అందుకే బట్టలకి నంబరు బిళ్ళలు కట్టే పద్ధతి పెట్టాడు. మిగతా లాండ్రీల వాళ్ళు అది చూసి, ఎంత తెలివైనవాడో అన్నారు. తెలివీ లేదు, ఏమీ లేదు, పేర్లంటే భయం.

అలాంటి మనిషికి షట్టర్ దించే వేళ ఏమయ్యేదో నీకు జ్ఞాపకం చేయాలని ఇదంతా. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి నిలబెట్టేవాడు. అది చల్లారుతూ టిక్కు టిక్కుమనేది. కొట్టంతా తడిబట్ట కాలిన ఆవిరి వాసన. నువ్వు వెచ్చటి దుప్పట్ల మూట ఎక్కి కాళ్ళూపుతూ కూర్చునేదానివి, చాలాసార్లు అక్కడే నిద్రపోయేదానివి. మీ నాన్న బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన ప్రార్థన అందుకునేవాడు. దేవుడా, ఇల్లు చేరిన వాళ్ళకి నువ్వే కాపలా, చేరని వాళ్ళకి నువ్వే తోడు అని మొదలై, చివర్లో ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పడంతో ముగిసేది. రేపు రండి అనడానికి చెమటలు పట్టే మనిషి, ఎక్కడా తట్టుకోకుండా చెప్పుకుపోయేవాడు. ఎంత బాగుండేదే ఆ గొంతు!

మీ అమ్మ ఈ ఇంటికొచ్చింది ఆ గొంతు పట్టుకునే. అప్పుడు ఆవిడ మన వీధి చివర కుట్టుపని చేసేది. ఒకసారి ఆలస్యంగా బట్టల కోసం వచ్చి, సగం దించిన షట్టర్ బయటే నిలబడిపోయింది. నేను వంగి బయటికి వస్తే, లోపల మాట్లాడేది ఎవరండీ అని అడిగింది. మా అన్నయ్య అన్నాను. పొద్దున బిళ్ళ ఇవ్వడానికి అంతసేపు పట్టిన ఆయనా అని నమ్మలేదు. ఆ తర్వాత ఆవిడ బట్టలన్నీ సరిగ్గా షట్టర్ వేళకే అవసరమయ్యేవి. ఉతికినవే మళ్ళీ ఉతకడానికి తెస్తోందని నాకు అర్థమవుతూనే ఉంది, ఎందుకు చెబుతాను?

ఆవిడ పైగదిలో మంచం పట్టినప్పుడు ప్రార్థన కూడా బల్ల దగ్గరినుంచి పైకి మారింది. నువ్వు గుమ్మంలో నిలబడి వినేదానివి. అమ్మని బాగుచెయ్యమని నాన్న అడుగుతున్నాడు, అడిగితే ఇస్తాడు అని నువ్వు అనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు తల్లీ. కానీ మీ అమ్మ నాతో ఏమనేదో తెలుసా? బాగవుతానని కాదు, ఆయన అంతసేపు ఆగకుండా మాట్లాడుతుంటే వినబుద్ధేస్తుంది అనేది.

ఆవిడని సాగనంపి వచ్చిన సాయంత్రం మీ నాన్న మళ్ళీ బల్ల దగ్గర నిలబడ్డాడు. నోరు తెరిచాడో లేదో, నువ్వు మెట్లు దిగి వచ్చావు. ఇంకా ఎందుకు నాన్నా ఆ ఊతకర్ర, అమ్మని ఆపగలిగిందా, ఇంకోసారి ఆ మాటలు నా చెవిన పడితే ఈ ఇంట్లో ఉండను అన్నావు. మీ నాన్న ఏదో చెప్పబోయాడు. అది బయటికి వచ్చేలోపు నువ్వు మెట్లెక్కిపోయావు. ఆయన ఖాళీ మెట్ల వైపు చూస్తూ సరేనని తలూపాడు.

సోమవారం, కౌంటరు దగ్గర

నిన్న అక్కడికి వచ్చేసరికి కళ్ళు మసకలు కమ్మి ఆపేశాను. ఇప్పుడే కోటాయన వచ్చి, ఎవరికమ్మా ఉత్తరం, బ్యాంకుకేనా అన్నాడు. అవునన్నాను. పోనీలే పాపం.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు బుజ్జీ. హైస్కూలు పిల్లవి, తల్లి పోయింది. నీ స్థానంలో నేనైతే ఇస్త్రీపెట్టె ఎత్తి విసిరేదాన్ని. కానీ నువ్వన్న ఆ మాట నన్ను వదల్లేదు. బట్టలు మడతపెడుతూ ఎన్నిసార్లు దానితో వాదులాడానో! ఒకసారి అనిపిస్తుంది, కళ్ళు పరీక్ష చేసి నువ్వు రోజూ జనాల ముక్కుల మీద పెట్టే కళ్ళద్దాలేమిటే, ఊతకర్రలు కావూ? మీ కంటిని మీరే గట్టి చేసుకోండి అని ఒక్కడినైనా వెనక్కి పంపావా? ఇంకోసారి అనిపిస్తుంది, ఊతకర్ర లాగేస్తే మనిషి పడిపోవాలి కదా, మీ నాన్న పడలేదే! మర్నాడే ఇస్త్రీపెట్టె వేడి చేశాడు. నిన్ను చదివించాడు, నీకు జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. పడలేదు. ఊరుకుండిపోయాడు, అంతే. షట్టర్ వేళ రేడియో పెట్టడం మొదలుపెట్టాడు. ఆ రేడియోలో ఎవరు ఏం మాట్లాడినా నాకు ఒళ్ళు మండేది.

నువ్వు చదువుకి హాస్టలుకెళ్ళాక, ఇప్పుడు ఎవరు వింటారు, చెప్పుకోవచ్చు కదా అన్నయ్యా అన్నాను. మా... మాటిచ్చాను అన్నాడు. పోనీ ఒకటి చెప్పు, అసలు దేవుడున్నాడని నీకు నమ్మకమేనా అని అడిగాను. చాలాసేపు పెనుగులాడాడు. నేను కూడా ఆ ఒక్కసారీ మీ అమ్మలా కూర్చున్నాను. ఉన్నాడో లేడో తెలీదు గానీ, ఆయన మధ్యలో మాట అందించడు అన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. పక్షవాతం వచ్చాక మీ నాన్న నోట ఆ తడబడే మాట కూడా లేకుండా పోయిందని నీకు తెలుసు. మాటలు నేర్పడానికి వచ్చే స్పీచ్ థెరపీ అమ్మాయి మంచి పిల్ల, నాలాగే వసపిట్ట. ఇలాంటి వాళ్ళకి సొంతంగా మాట కట్టడం రాకపోయినా, చిన్నప్పటినుంచి నోటికి వచ్చినవి ఒక్కోసారి వాటంతటవే వస్తాయంది. వారాల పేర్లు చెప్పిస్తే బుధవారం దాకా వచ్చాడు! నేను ఎగిరి గంతేసినంత పని చేసి, మా అన్నయ్యకి ఒక ప్రార్థన వచ్చు అన్నాను. వెంటనే మొదలుపెట్టమంది. దేవుడా, ఇల్లు చేరిన వాళ్ళకి అని అందుకున్నాను. మీ నాన్న పెదవులు బిగించేశాడు. మళ్ళీ అన్నాను. మొహం గోడకి తిప్పేసుకున్నాడు. ఎందుకన్నయ్యా అని గట్టిగా అరిచాను కూడా, దేవుడు నన్ను క్షమించాలి. అప్పుడు ఎడమచెయ్యి మెల్లగా ఎత్తి, గురువారం నువ్వు కూర్చునే కుర్చీ చూపించాడు.

ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది, దాచను. ఈ మొదటి నెలల్లో వచ్చినంత సులువుగా తర్వాత రాదట. ప్రార్థనతోనే మాట వచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. నేనూ అద్భుతాలు అడగడం లేదు. ఈ గురువారం పండ్లూ గిండ్లూ మోసుకురాకుండా, కొట్టు మూసే వేళకి రా. మొదటి ముక్క నువ్వు అందుకో. నువ్వు నమ్మక్కర్లేదు. దేవుడితో నీ పేచీ నీకుండనీ, నేను అడ్డురాను. ఆయన నీకిచ్చిన మాట నువ్వు తిరిగి ఇచ్చేయాలి, అది ఇంకెవరి చేతిలోనూ లేదు.

జలుబుకి ఆవిరి పట్టు. గురువారం నీ కోసం దుప్పట్ల మూట ఒకటి విప్పకుండా ఉంచుతాను, ఇప్పుడు నీ బరువుకి అది అణిగిపోతే నాదా పూచీ!

నీ రాక కోసం గుమ్మం వైపే చూస్తూ,
నువ్వు పేరు పెట్టిన
గడగడ అత్త

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. నీకు చెప్పొద్దని మీ నాన్న నా దగ్గర ఒట్టు వేయించుకున్న సంగతి ఒకటుంది. నిన్ను ఆయన ఎప్పుడూ బుజ్జీ అనే ఎందుకు పిలుస్తాడో ఆలోచించావా? ముద్దుకి అనుకున్నావు కదూ. నీ పేరు మీ అమ్మ ఇష్టపడి పెట్టింది, ఆయనకీ ప్రాణం ఆ పేరంటే. నోటికి మాత్రం రాలేదు. నిన్ను బళ్ళో వేసిన రోజు పెద్ద టీచరు పిల్ల పేరేమిటని అడిగితే, నీ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మీ పాప పేరు మీకు తెలీదా అని ఆవిడ నవ్వింది. చివరికి నేను చెప్పాను. ఆ సాయంత్రం బల్ల దగ్గర ఏడుస్తూ, తన పేరు నాన్నకి పలకడం రాదని పిల్లకి తెలియకూడదని నన్ను బతిమాలాడు. ప్రార్థనలో చివర చెప్పే పేర్లు ఉన్నాయే, అందరి తర్వాత నీది వచ్చేది. అక్కడొక్కచోటే మీ నాన్న నీ పేరు నిండుగా పలికేవాడు. దాని కోసమే రోజంతా ఆగేవాడని నా అనుమానం. నువ్వు వద్దన్న సాయంత్రం తర్వాత ఆయన నోట ఆ పేరు ఎవరమూ వినలేదు. గురువారం నువ్వు మొదలుపెట్టాక, ఆయన ఎక్కడిదాకా వస్తాడో నాకు తెలీదు. చివరిదాకా వచ్చి, నీ పేరు దగ్గర ఆగిపోయాడే అనుకో, కోటాయనలా నువ్వు అందించకు తల్లీ. మీ అమ్మలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చో.