మట్టికోట కాలంలో చెనక్కాయలు

నరసింహయ్య తాతకు నమస్కారం.

నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. అక్కడ ఎలా ఉన్నావని అడగడం నాకు చేతకాదు. అక్కడంటూ ఒకటి ఉందని నేను నమ్మనని నీకు తెలుసు కదా... అయినా రాస్తున్నాను. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మన నాటకం ఆడేశాం తాతా. పోయిన ఆదివారం మధ్యాహ్నం, బొమ్మనహళ్ళిలో, మా గార్మెంట్స్ ఆడవాళ్ళుండే వఠారంలోనే.

ఆడేశాం అని సులువుగా రాశాను గానీ, మొదటిసారి చదివి వినిపించిన రోజు గుర్తుందా? కథ జరిగేది అయిదొందల ఏళ్ళ కిందట, దేవనహళ్ళిలో ఇంకా మట్టికోటే ఉన్న కాలంలో. పాళెగాడి మనుషులు ఒక రైతు ఇంట్లో రాగులు ఎత్తుకుపోవడానికి వస్తారు. నా రైతు గడపలో నిలబడి "రెండు నిమిషాలు ఆగండి" అంటాడు. అంతే, మా లైనులో కుట్టేవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా సూపర్‌వైజరు రోజూ అనే మాట అది! నేను కాగితాలు విసిరికొట్టి వచ్చేశాను. ఎవరి కోసం రాశానో వాళ్ళే నమ్మకపోతే ఇక ఆ నాటకం ఎందుకు?

ఆ కాగితాలు ఏరుకొచ్చింది నువ్వే.

అచ్చాఫీసులో నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చిన చెయ్యి నీది. నువ్వు కూర్చిన ప్రతి కరపత్రానికీ ఒక కాపీ ట్రంకుపెట్టెలో దాచావు. అవన్నీ చదివే కదా నేనిలా తయారయ్యాను! మర్నాడు వఠారంలోని నీ గది ముందు కూర్చుని, ఆ కాలానికి ఇంకా పుట్టని మాట కనబడ్డ చోటల్లా ఒక చింతపిక్క పెట్టుకుంటూ పోయావు. కలంతో కొట్టెయ్యలేదు. "కొట్టేస్తే మాట చచ్చిపోతాది. పిక్క పెడితే నువ్వే ఆలోచన చేస్తావు" అన్నావు.

మొదటి పేజీ నిండా పిక్కలే... ఆరబోసినట్టు.

పాళెగాడి పాలన పట్టాలు తప్పిందని రాశాను. "రైలే రాలేదు, అప్పుడే పట్టాలు తప్పించినావా? భలేదానివే అమ్మణ్ణీ!" అని నవ్వావు. నాటకంలో ముసలమ్మ చెనక్కాయలు వేయించే చోట ఇంకో పిక్క. మాది కదిరి వైపు, వేరుశనగ పండే నేల. చెనక్కాయలు లేని కాలం ఒకటి ఉండేదంటే ఎలా నమ్మేది? "అవి తర్వాతెప్పుడో ఓడెక్కి వచ్చినాయి. మిరపకాయ గూడా అంతే. మీ ముసలామెకు మిరియాలియ్యి, సరిపోతాది" అన్నావు. ఆ పూట అన్నంలో చెనక్కాయల పచ్చడి కలుపుకుంటూ దాని వైపు అనుమానంగా చూశాను.

ఒక్కచోట మాత్రం నువ్వు ఓడిపోయావు. "అచ్చుగుద్దినట్టు" అన్న మాట మీద పిక్క పెట్టి, అది మా అచ్చాఫీసు వాళ్ళదని మీసం దువ్వావు. నాణేలకు అచ్చుల్లేవా, చీరల మీద అద్దకానికి అచ్చుల్లేవా అని నేను ఎదురు తిరిగాను. పిక్క తీసేసి దగ్గొచ్చేదాకా నవ్వావు. "నేనే మొదలనుకుంటినే! నాకన్నా ముందు యెంతమంది గుద్దినారో!"

అలా ఓడిపోవడం నాకెందుకు రాలేదు తాతా?

చివరి పేజీలో నా రైతు భార్య పిడికిలెత్తి "విప్లవం వర్ధిల్లాలి" అంటుంది. అక్కడా పిక్క పెట్టావు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్షరాలు కూర్చినంత మాత్రాన ఆకలి తెలుస్తుందా అనేశాను. నలభై ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషిని... వారం రోజులు నీ గడప తొక్కలేదు.

షిఫ్టు వదిలే వేళకు కర్ర ఊతంతో నువ్వే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చావు. "ఆ మాట తప్పని నేనన్నానా? దాన్ని అచ్చుకు కూర్చినోణ్ణే నేను. కానీ అది నీ కోపం. ఆయమ్మ కోపం యాడుండాది? నన్నడగొద్దు. అదో, గేట్లోంచి వస్తా ఉండారే, వాళ్ళనడుగు."

అడిగాను. అలసిపోయి, చేతిలో టిఫిన్ డబ్బాతో వస్తున్న లక్ష్మమ్మక్కను... నీ ఇంట్లో రాగులు ఎవరైనా మోసుకుపోతుంటే ఏమంటావక్కా అని. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "యాడికప్పా మోసుకపోతావు? బిడ్డలింకా తినలేదు. దించు."

అది రాసి నీకిచ్చాను. చదివావు. పిక్కల డబ్బాకు మూత పెట్టేశావు. నాకు ఎవరూ ఇవ్వని మెప్పు అది. మూడు వారాలకు నువ్వు పోయావు.

ఆదివారం ఆ వేషం లక్ష్మమ్మక్కే వేసింది. "దించు" అంది, గొంతు పెంచకుండానే. మళ్ళీ నవ్వుతారేమోనని ముందు వరస వైపు చూశాను. అప్పుడు వెనక వరసలో ఎవరో ఒకామె "దించప్పా!" అంది. పక్కామె అంది. ఇంకో నిమిషానికి అందరూ నిలబడ్డారు... "దించు! దించు!" భటుడి వేషం కట్టిన కటింగ్ సెక్షన్ శీనప్ప బెదిరిపోయి నిజంగానే మూట కింద పెట్టేశాడు!

నా రాతలో అతను దించడు తాతా. మూట మోసుకుపోతాడు, రైతు భార్య ఒంటరిగా మిగులుతుంది. అదే నేను రాసిన ముగింపు. "మోసుకుపో" అని పక్కనుంచి అరవబోయాను. కానీ వాళ్ళ ముఖాలు చూసి నోరు మూసుకున్నాను. నా అంతట నేను నోరు మూసుకోవడం బహుశా అదే మొదటిసారి. అది నేర్పింది నువ్వే.

ఇప్పుడు వఠారం వాళ్ళు నీ మీద నాటకం రాయమంటున్నారు. రాస్తాను. నీతో కలిసి పనిచేసిన ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగే రాస్తాను. కోపమొస్తే నా కోపం నేనే పలుకుతాను గానీ, నువ్వు అనని మాట నీ నోట పెట్టను.

నీ అమ్మణ్ణి,
పద్మ