చప్పుడు లేని అంతరిక్షం

ఆదివారం, రాత్రి

ఈరోజు నా సంతోషం ఇంతా అంతా కాదు! తనకు ఉద్యోగం వచ్చిన సంబరంలో మా లావణ్య నాకు పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చింది. బయటి చప్పుడంతా ఆపేస్తాయట. నా బంగారు తల్లి తానే నా చెవులకు తొడిగి, టీవీకి కలిపి, అంతరిక్షం సినిమా పెట్టింది.

అలాంటి సినిమాలంటే నాకు ప్రాణమే గానీ, ఒక్కటే కోపం. గాలి లేని చోట కూడా ఓడలు ఢామ్మని పేలుతాయి. ఇందులో ఓడ పేలినా చప్పుడే లేదు. ఎంత నిజాయితీ! చప్పట్లు కొట్టాను.

ఆ నిశ్శబ్దంలో మరమగ్గం వినిపించింది. టకటక, టకటక.

హెడ్‌ఫోన్లు తీసి అడిగాను. "కింద సాంచాలు నడుస్తున్నయా బిడ్డా?"

"ఇయ్యాల కార్ఖానా బంద్ గద నాయినా! సిన్మా చూసుకుంట గూడ డ్యూటీయేనా?" అని పకపకా నవ్వింది. "మంచిగున్నయా మరి?"

"మస్తుగున్నయి బిడ్డా."

నేను మరమగ్గాల పని మానేసి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు కింది కార్ఖానాదే అనుకున్నాను. ఇప్పుడు ఊరంతా నిద్రపోయింది. నా తలలో మాత్రం అది ఆగడం లేదు.

డాక్టరుకు చూపించుకోవాలంటే లావణ్యకు చెప్పాలి. అంత ముచ్చటపడి తెచ్చిన పిల్లకు, నీ కానుక పెట్టుకున్నాకే ఇది బయటపడిందని ఏ నోటితో చెప్పను…